ఆదివారం మటన్ వండే ఇళ్ళలో కుక్కకు ఏ ఎముక పెట్టాలి, ఏది పెట్టకూడదు

నల్గొండలో ఆదివారం పొద్దున ఏ మటన్ కొట్టు ముందు నిలబడినా రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి మనుషులది, ఇంకొకటి కుక్కలది. మనుషుల వరుస తూకం వేయించుకుని ఇంటికి పోతుంది. కుక్కల వరుస మధ్యాహ్నం దాకా కదలదు. ఇంట్లోనూ ఇదే లెక్క: ముక్కలు మనకు, బొక్కలు కుక్కకు. మా పక్కింటి పెద్దమ్మ అన్నం తినగానే కంచంలోని బొక్కలన్నీ ఏరి ప్రహరీ గోడ మీదుగా మా వాకిట్లోకి విసిరేది. వద్దంటే నొచ్చుకునేది. "బొక్క వేయని ఇంట్లో కుక్క ఎందుకుంటుంది బిడ్డా?" అని ఆమె ప్రశ్న.

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మా లాబ్రడార్ టామీ పై దవడ పన్ను నిలువునా చీలింది. మా ఊరకుక్క బుజ్జి కింది దవడకు నల్లి బొక్క ఉంగరంలా బిగుసుకుంది. రెండూ నా చేతులతో పెట్టిన ఎముకలే. ఆ తర్వాత నేర్చుకున్నదంతా వరుసగా చెబుతాను. ఎముక జోలికే పోవద్దనే పశువైద్యులు చాలామంది ఉన్నారు, వాళ్ళ మాట పాటించేవారికి ఏ నష్టమూ లేదు. అయినా పెడతాం అనేవాళ్ళ కోసమే ఈ వివరాలన్నీ.

మొదటి మెట్టు: ముందు కుక్క నోరు చూడండి

కుక్కపిల్లకు పాలపళ్ళు 28. మూడు నాలుగు నెలల వయసు నుంచి అవి ఊడుతూ, ఏడో నెల వచ్చేసరికి 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్ళు దురద పెట్టి చెప్పులు, కుర్చీ కాళ్ళు, ఫోను ఛార్జర్ ఏదీ వదలదు. అప్పుడు గట్టి వస్తువు ఇవ్వడం పెద్ద తప్పు. ఫ్రిజ్‌లో చల్లబరిచిన పెద్ద క్యారెట్, లేదా తడిపి ముడివేసి గడ్డకట్టించిన మందపాటి నూలుగుడ్డ చాలు. గుడ్డ పోగులు ఊడటం మొదలైతే వెంటనే తీసేయాలి. ముసలి కుక్కల పళ్ళు అరిగి, చిగుళ్ళు వదులై ఉంటాయి, వాటికీ మెత్తనివే పెట్టాలి.

వయసు తర్వాత చూడాల్సింది నమిలే తీరు. కొన్ని కుక్కలు రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని తీరిగ్గా కొరుకుతాయి. కొన్ని రెండు కొరుకుల్లో మింగేస్తాయి. మీ కుక్క ఏ రకమో తెలియకపోతే జానెడు క్యారెట్ ఇచ్చి ఐదు నిమిషాలు పక్కనే కూర్చోండి. సన్నగా తురుముతూ తింటే నెమ్మది రకం. పెద్ద ముక్కలు విరిచి గుటుక్కున మింగితే అది మింగుడు రకం, దానికి ఎముక అన్నదే వద్దు. బుజ్జి మొదటి రకం. టామీ సంగతి చెప్పనక్కర్లేదు, ఒకసారి క్యారెట్‌తో పాటు నా చేతిగుడ్డ అంచు కూడా పోయింది.

మన జిల్లాకు సంబంధించి ఇంకో జాగ్రత్త ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనుషుల పళ్ళు ఎలా ఉంటాయో మనకు తెలుసు. పన్ను రూపుదిద్దుకునే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే పైనున్న ఎనామిల్ పొర మచ్చలు, గుంటలు పడి పెళుసవుతుంది. పశువుల పళ్ళూ ఇలాగే పాడవుతాయి. బోరు నీళ్ళతో పెరిగిన కుక్క పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, గుంటలు కనిపిస్తే, అవి మామూలు గారే అయినా సరే, ఒకసారి డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా గట్టివి ఆపండి.

రెండో మెట్టు: కంచంలో మిగిలిన ఎముకను పక్కన పెట్టండి

ఇందులో బేరాలు లేవు. ఉడికిన ఎముక, వేయించిన ఎముక, కాల్చిన ఎముక, బిర్యానీ దమ్ములో మగ్గిన ఎముక ఏదీ కుక్కకు పనికిరాదు.

కారణం పాయ వండేవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. పాయ చల్లారాక గిన్నెలో జిగురుగా గడ్డకడుతుంది కదా, ఆ జిగురు కొల్లాజెన్ అనే మాంసకృత్తి నుంచి వస్తుంది. పచ్చి ఎముకను కాస్త వంగేలా, సాగేలా ఉంచేది అదే. వేడికి అది కరిగి చారులోకి దిగిపోతే మిగిలేది పెళుసైన సున్నం. కొరికితే పిండి కాకుండా సూదుల్లా చీలుతుంది. ఆ చీలికలు అంగిట్లో గుచ్చుకోవచ్చు, గొంతులో నిలవచ్చు, పేగును చీల్చవచ్చు. అదృష్టం బాగుండి కిందికి దిగినా మలం సున్నంలా గట్టిపడి ఆసనం దగ్గర ఆగిపోవచ్చు. కోడి కాలి ఎముక లోపల డొల్లగా ఉంటుంది కాబట్టి ఇంకా పదునుగా చీలుతుంది. తందూరీ ఎముక మరీ అధ్వానం, నీరంతా ఇంకిపోయి ఉంటుంది. చేప ముళ్ళ గురించి వేరే చెప్పాలా?

కూర ఎముకతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వెళతాయి. ఇవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఫలితం వెంటనే కనిపించదు. కొన్ని రోజులకు చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగుకు మారి, కుక్క నీరసపడుతుంది. అప్పటికి మనం ఆదివారం కూర సంగతే మరిచిపోయి ఉంటాం. నూనె, కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచి వాంతులు పట్టుకుంటాయి.

"ఊరకుక్కలు తింటున్నాయి కదా, వాటికేమైంది?" అని ప్రతి ఇంట్లోనూ ఒకరు అడుగుతారు. ఏమీ కానివే మన కళ్ళ ముందు తిరుగుతున్నాయి. అయినవి ఏ కంప చెట్టు కిందో పడి పోయాయి, వాటిని ఎవరూ లెక్క పెట్టలేదు.

పెద్దమ్మ మనసు నొప్పించకుండా నేను కనిపెట్టిన ఉపాయం చారు. మసాలా వేయకముందే నాలుగైదు ఎముకలు పక్కకు తీసి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా, మునిగేటన్ని నీళ్ళు పోసి కుక్కర్‌లో సన్నని మంట మీద గంటసేపు ఉంచాలి. వడగట్టి ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లగా కొవ్వు పేరుకుంటుంది, దాన్ని తీసేయాలి. కింది జిగురు రెండు గరిటెలు అన్నంలో కలిపితే చాలు, గిన్నె నాకి నాకి మెరిపిస్తుంది. ఉడికిన ఎముకలను మూతి కట్టిన సంచిలో వేసి చెత్తబండికి ఇవ్వండి. రోడ్డు మీద పోస్తే ప్రమాదం వీధి కుక్కకు మారుతుంది, అంతే. బోనాలు, దసరా, దావత్‌ల రోజు చుట్టాలు బల్ల కింద చేయి పెట్టి ముక్క అందిస్తారు. ఆ రోజు కుక్కను వెనక గదిలో ఉంచడమే నయం. ఎంతమందికని చెబుతాం?

మూడో మెట్టు: గోరుతో నొక్కి చూడండి

ఇచ్చే వస్తువు ఏదైనా, ముందు మీ బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. కొంచెమైనా గాటు పడాలి. పడకపోతే అది పన్ను విరగ్గొట్టేంత గట్టిదని అర్థం. ఇంకో పరీక్ష: దానితో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోవడానికి మీరు ఒప్పుకుంటారా? జంకితే కుక్కకూ ఇవ్వకండి.

కుక్క నమిలేటప్పుడు బరువంతా మోసేది పై దవడలో పక్కనున్న నాలుగో ముందు దవడపన్ను. కత్తెరలా కోసే పెద్ద పన్ను అదే, ఎక్కువగా విరిగేదీ అదే. బయటి వైపు నుంచి ఒక పలక ఊడివచ్చి లోపలి నరం బయటపడుతుంది. కుక్క ఏడవదు. ఒకవైపే నములుతుంది, గట్టి తిండి నోట్లోంచి జారవిడుస్తుంది, మూతి పట్టుకోబోతే తల తిప్పుకుంటుంది. టామీ విషయంలో నేను దాన్ని మూడు వారాలు 'అలక' అనుకున్నాను. చివరికి మత్తిచ్చి పన్ను పీకాల్సి వచ్చింది. దానికి కారణం బర్రె కాలి ఎముక. వెయ్యి కిలోల బరువైనా మోయడానికి పుట్టినట్టున్న ఎముకను ముప్పై కిలోల కుక్క నోట్లో పెట్టానే అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గోరు పరీక్షలో ఓడిపోయేవి ఇవి: పెద్ద పశువుల కాలి ఎముకలు, గిట్టలు, రాళ్ళలా ఉండే నైలాన్ ఎముకలు, ఆన్‌లైన్‌లో దొరికే హిమాలయ చుర్పీ ముక్కలు. చుర్పీ చమరీ మృగం పాలతో చేసే గట్టి చీజ్. పేరు పాలదే అయినా గట్టితనం రాయిది.

జింక కొమ్ము కూడా ఈ జాబితాలోదే. అమ్రాబాద్ అడవి అంచున పశువులు మేపేవాళ్ళకు రాలిన దుప్పి కొమ్ములు కనిపిస్తుంటాయి. విదేశాల్లో కుక్కలకు వేస్తారట అని తెచ్చేవాళ్ళూ ఉన్నారు. పన్ను సంగతి అటుంచండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల దుప్పి, కణితి కొమ్ములు రాలినవైనా సరే అమ్మడం, కొనడం నేరం. దొరికినది దొరికిన చోటే వదిలేయాలి.

నాలుగో మెట్టు: కొలత

ఇచ్చేది కుక్క మూతి కంటే పొడవుగా, నోట్లో పూర్తిగా పట్టనంత లావుగా ఉండాలి. నములుతూ నములుతూ మింగగలిగేంత చిన్నదైతే తీసేయాలి. ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ చివరి ముక్క పారేయాల్సిందే. గొంతుకు అడ్డం పడేది ఎక్కువగా ఆ చివరి ముక్కే.

ఆకారం కూడా చూడాలి. కొట్టులో నల్లి బొక్కను అడ్డంగా నరికితే గాజులాంటి ఉంగరం వస్తుంది. లోపలి మూలుగ నాకడానికి కుక్క కింది దవడ అందులో దూరుస్తుంది, ఉంగరం కోరపళ్ళు దాటి వెనక్కి జారుతుంది, ఇక ముందుకు రాదు. బుజ్జికి అదే జరిగింది. మేము నూనె రాశాం, సబ్బు రాశాం, లాగాం. మూతి వాచింది తప్ప ఉంగరం కదల్లేదు. డాక్టరు మత్తిచ్చి కోసి తీశారు. మూలుగలో కొవ్వు కూడా మెండు, వాంతులు విరేచనాలకు మరో కారణం. నల్లి మనమే తిందాం.

ఎముకలు కాకపోయినా కొలత దెబ్బతీసే వస్తువులు మన వాకిళ్ళలో ఇంకా ఉన్నాయి. ఎండాకాలం మామిడి టెంక, వానాకాలం మొక్కజొన్న బెండు. రెండూ అరగవు, రెండూ పేగుకు సరిగ్గా బిరడాలా పట్టే కొలతలో ఉంటాయి. తిని పారేసే ముందు కుక్క ఎక్కడుందో చూసుకోండి.

ఐదో మెట్టు: మటన్ కొట్టులో ఏమి అడగాలి, ఏమి వద్దనాలి

మొదట వద్దనాల్సినది. ఊరికే ఇస్తారని పచ్చి ఊపిరితిత్తులు, కార్జం ముక్కలు, తలకాయ తెచ్చి కుక్కకు వేయకండి. పాలమూరు వైపు గొర్రెల మందలు తిప్పేవాళ్ళు గొర్రెను కోసినప్పుడు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు చూసే ఉంటారు. అవి ఒక రకం బద్దెపురుగు పిల్లదశ. ఆ బుడగను పచ్చిగా తిన్న కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల పురుగులు వేలకొద్దీ పెరుగుతాయి. కుక్క మాత్రం హుషారుగానే ఉంటుంది. దాని మలంతో గుడ్లు గడ్డి మీదికి, గడ్డి నుంచి మళ్ళీ గొర్రెలోకి పోతాయి. కుక్కను నిమిరిన చేతితో అన్నం తింటే మనలోకీ వస్తాయి, మన కార్జంలోనూ ఏళ్ళ తరబడి అలాంటి బుడగలే పెరుగుతాయి. గొర్రె తల ఒక పక్కకు వంచి గిరగిరా తిరిగే జబ్బుకు కారణం ఇంకో బద్దెపురుగు, అది గొర్రె మెదడులో ఉంటుంది, పచ్చి తలకాయ తిన్న కుక్కలోకి చేరుతుంది. అందుకే లోపలి భాగాలు బాగా ఉడికించాకే పెట్టాలి. బుడగలున్నవి కాల్చాలి లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చాలి. మందతో తిరిగే కుక్కకు బద్దెపురుగుల మందు ఎన్నాళ్ళకొకసారి వేయాలో డాక్టరును అడిగి, తప్పకుండా వేయించాలి.

ఇక అడగాల్సినది. నెమ్మదిగా నమిలే పెద్ద కుక్కకు, అప్పుడే కోసిన గొర్రె లేదా మేక కీలు భాగం, తెల్లని మృదులాస్థి ఉన్న వైపు, పగలగొట్టకుండా మొత్తంగా. కత్తిదెబ్బ పడ్డ ఎముకకు అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి ముక్కలు చేయవద్దని ముందే చెప్పాలి. ఆ పైన మృదులాస్థిని, అంటుకున్న మాంసాన్ని గీకి తినడమే దాని పని. కింద గట్టి ఎముక కనిపించగానే తీసేయాలి. కోడి మెడలు మెత్తనివే గానీ గుటుక్కున మింగే కుక్క గొంతుకు అవి సరిగ్గా సరిపోతాయి, నేను ఇవ్వను.

పచ్చిది అంటేనే సాల్మొనెల్లా, ఇ.కోలై లాంటి సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంటుంది. ఫ్రీజర్‌లో పెడితే అవి చావవు, నిద్రపోతాయి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, వయసు మళ్ళినవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు ఉంటే పచ్చి ఎముక ఆలోచనే మానుకోండి. లేనివాళ్ళు కూడా వాకిట్లోనే పెట్టి, నేలను సబ్బు నీళ్ళతో కడిగి, మిగిలింది అదే రోజు పారేయాలి. మే నెల ఎండలో గంట చాలు, మాంసం చెడుతుంది. మా ఇంట్లో నెలకు రెండుసార్లు, పావుగంట చొప్పున, అదీ బుజ్జికి మాత్రమే.

ఆరో మెట్టు: దుకాణంలో కొనేవి, ఇంట్లో చేసేవి

తెల్లగా, ముడివేసిన ఎముక ఆకారంలో దొరికే పచ్చితోలు చాలామందికి తెలుసు. అది పశువు చర్మపు లోపలి పొరను శుభ్రం చేసి, తెల్లబరిచి, ఎండబెట్టి చేసేది. నానితే సాగుతుంది, ఉబ్బుతుంది, తొందరగా అరగదు. మింగుడు కుక్కకు ఇది పేగులో అడ్డం పడే వస్తువు. ఒక ముక్కను రాత్రంతా గ్లాసు నీళ్ళలో వేసి పొద్దున చూడండి, నిర్ణయం మీకే తెలిసిపోతుంది.

ప్యాకెట్లో పొగబెట్టి లేదా కాల్చి అమ్మే 'నిజమైన ఎముక'లూ ఉన్నాయి. అవి మన కంచంలోని ఎముకకు చుట్టాలే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో వీటి గురించి హెచ్చరిక ఇచ్చింది. తమకు అందిన 68 ఫిర్యాదుల్లో 15 కుక్కలు చనిపోయినట్టు ఉందని చెప్పింది.

కొనాలంటే గోరుకు లొంగే దంత చూయింగ్ కర్రలు కొనండి. ప్యాకెట్ మీద వి.ఓ.హెచ్.సి. (పశువుల నోటి ఆరోగ్య మండలి) ముద్ర ఉంటే గార తగ్గించే గుణాన్ని పరీక్షించారని అర్థం. కుక్క బరువుకు తగ్గ సైజే తీసుకోవాలి. ఇవన్నీ తిండి కిందే లెక్క: పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 500 నుంచి 600 కేలరీలు చాలనుకుంటే, ఇలాంటివి అందులో పదో వంతు దాటకూడదు.

నా ఓటు మాత్రం డొల్లగా ఉండే గట్టి రబ్బరు బొమ్మకు. లోపల పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెడితే ఎండాకాలం మధ్యాహ్నం అరగంట గడిచిపోతుంది. పల్లీలకు పాలమూరులో కొదవ లేదు కాబట్టి వేయించి, పొట్టు తీసి, ఉప్పు, చక్కెర లేకుండా మిక్సీలో మెత్తగా ముద్ద చేసి పూస్తే ఇంకా ఇష్టంగా నాకుతుంది. కొట్లో కొన్న పల్లీ వెన్న అయితే జైలిటాల్ ఉందేమో చదవండి. ఈ తీపి పదార్థం మనకేమీ చేయదు, కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కార్జాన్ని దెబ్బతీస్తుంది.

శివరాత్రి ముందు బజారులో రాశులు పోసే చిలగడదుంపలు, మనం కందగడ్డలంటామే, అవి కూడా మంచి చూయింగ్ అవుతాయి. కడిగి, పొడవుగా, అరసెంటీమీటరు మందంలో కోసి, ఆవిరి మీద కాస్త ఉడికించి, జాలీ కప్పి మేడ మీద రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. తోలు చెప్పులా వంగే దశలో తీసేయాలి. పుటుక్కున విరిగేదాకా ఎండనిస్తే మళ్ళీ మొదటికొస్తాం. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బూజు కనిపిస్తే మొత్తం పారేయండి.

ఏడో మెట్టు: ఇచ్చే పద్ధతి

కడుపు కాస్త నిండాక ఇవ్వండి, ఆకలి మీద ఇస్తే మింగుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు, మీరు పక్కనే ఉండాలి. రెండు కుక్కలుంటే రెండు గదులు. పక్క కుక్క లాక్కుంటుందన్న భయంతో మింగేసిన ముక్కలు చాలా ఉంటాయి. ఆ సమయంలో పిల్లలను దగ్గరికి రానీయకండి.

తిరిగి తీసుకోవడం ఒక విద్య. లాక్కుంటే కుక్క మరుసటిసారి గుర్రుమంటుంది, లేదా ఉన్నది ఉన్నట్టు మింగుతుంది. అరచేతిలో ఉడికించిన కోడిమాంసం ముక్క చూపించి, ఎముక వదిలాక అది ఇచ్చి, ఎముక తీసుకోండి. మొదట్లో తీసుకున్న వస్తువు మళ్ళీ ఇచ్చేస్తుండాలి. పోగొట్టుకోనని నమ్మకం కుదరడానికి బుజ్జికి వారం పట్టింది. టామీకి ఆ నమ్మకం ఇప్పటికీ లేదు.

ఎనిమిదో మెట్టు: తేడా వస్తే

ముందు కాళ్ళతో మూతి గీరుకోవడం, చొల్లు ధారగా కారడం, వాంతి రాకుండా ఓకరించడం, ఆగని వాంతులు, పొట్ట ముట్టుకుంటే మూలగడం, ముక్కినా మలం రాకపోవడం, నల్లటి లేదా రక్తంతో కూడిన మలం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తెల్లగా సున్నంలా మలం వస్తే ఎముక ఎక్కువైందని అర్థం, వెంటనే ఆపాలి.

ఊపిరి ఆడక చిగుళ్ళు నీలమవుతుంటే మాత్రం ప్రయాణం దాకా ఆగలేం. నోరు తెరిచి వస్తువు కనిపిస్తేనే వేళ్ళతో బయటికి తీయాలి, కనిపించకపోతే వేళ్ళు పెట్టి లోపలికి నెట్టకూడదు. చిన్న కుక్కను వెనక కాళ్ళు పైకెత్తి తల కిందికి వచ్చేలా పట్టాలి. పెద్ద కుక్కను వెనక నుంచి పట్టుకుని, పక్కటెముకలు ముగిసే చోట పొట్టను లోపలికి, పైకి నాలుగైదుసార్లు గట్టిగా నొక్కాలి. భయంలో పెంపుడు కుక్క కూడా కరుస్తుందని మరవద్దు.

ఉప్పునీళ్ళు పోసి కక్కించవద్దు, దిగేటప్పుడు గుచ్చుకోని ఎముక పైకి వచ్చేటప్పుడు గుచ్చుకోవచ్చు. అరటిపండు, రొట్టె, ఆముదం పెట్టి చూద్దాం అని రోజంతా గడపవద్దు. ఆసనం దగ్గర ఏదైనా వేలాడుతుంటే లాగవద్దు. దగ్గరి పశువైద్యశాలలో ఎక్స్‌రే ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. శస్త్రచికిత్స అంటే నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దారి సుమారు వంద కిలోమీటర్లు, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్ళకు నగరంలోకి అడుగుపెట్టే వైపే ఉంటుంది. బయలుదేరేటప్పుడు కుక్క తిన్న దానిలో మిగిలిన ముక్కను, ప్యాకెట్ ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి. ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది అని డాక్టరు మొదట అడిగేవి అవే.